తాళమేసిన ఇంట్లో తుమ్ము

రసూల్‌బీ ట్రంకుపెట్టె గదిలోంచి సగం బయటికొచ్చి గడప మీద ఇరుక్కుపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. దాన్ని లాగుతున్న రసూల్‌బీ మాత్రం ఉదయగిరిలో తమ్ముడింటి దాకా వెళ్ళి తీరాలని నిర్ణయించుకున్న మనిషి.

“వొదిలిపెట్టత్తా, నడుం పట్టేస్తాది,” అంది మునీరా.

“పట్టనీ. నా నడుము, నా పెట్టె. ఈ ఇంట్లో నావంటూ మిగిలినవి ఈ రెండే.”

వసారాలో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న బర్కతుల్లా ఆ మాట విన్నాడు. తల్లికి గట్టి జవాబే చెప్పాలనుకున్నాడు. నోరు తెరిచాడు, గాలి పీల్చాడు. జవాబుకు బదులు తుమ్మొచ్చింది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. గ్లాసులో టీ సగం లుంగీ పాలైంది.

“విన్నావా,” అంది రసూల్‌బీ కోడలితో. “రాత్రి వేసిన లోబాను పొగ పొద్దుటికి గూడా వాడి ముక్కులోనే ఉండాదంట.”

“నేను నిన్ను పొమ్మన్నానా అమ్మా,” అన్నాడు బర్కతుల్లా ముక్కు తుడుచుకుంటూ. “పొగ వొద్దన్నాను. అంతే గదా.”

“నలభై అయిదేళ్ళుగా గురువారం గురువారం ధూపం పట్టిన చెయ్యి ఇది. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడు నీ మొహం మీదుగానే తిప్పినాను. అప్పుడు నవ్వినావు. ఇప్పుడు నా చెయ్యి పడటం లేదు నీకు.”

బర్కతుల్లా ముక్కు పట్టుకున్నాడు. మాట్లాడితే మళ్ళీ తుమ్మొస్తుందని అతని భయం.

పాపం, అతని బాధ అబద్ధం కాదు. ఆత్మకూరు కొత్త కాలనీలో స్లాబు ఇల్లు కట్టుకుని చేరి ఆరు నెలలైంది. చేరిన వారానికే తుమ్ములు పట్టుకున్నాయి. నలభై దాటేదాకా జలుబంటే ఏమిటో సరిగా ఎరగని మనిషి, దుమ్ము రోడ్ల మీద రోజంతా బస్సు తోలే మనిషి, ఇంటికొచ్చి కూర్చుంటే చాలు, ముక్కు పట్టుకుని ఊగిపోతున్నాడు. ఈమధ్య రాత్రిళ్ళు ఆయాసం కూడా తోడైంది. డాక్టరు రెబెకమ్మ పరీక్ష చేసి, ఇది ఎలర్జీ అంది. “ఏదో మీకు పడటం లేదు, అదేదో మీరే కనిపెట్టుకోవాల” అని మాత్రలు రాసిచ్చింది.

ఆ మాటే కొంప ముంచింది. ఆ రోజు నుంచీ బర్కతుల్లా పోలీసు పని మొదలుపెట్టాడు. మొదట వంకాయను పట్టుకున్నాడు. తర్వాత ఎండుచేప మీద అనుమానం వచ్చింది. ఆ తర్వాత మునీరా తలకు రాసుకునే నూనె, ఆ తర్వాత పెరట్లో కోళ్ళు. ఒక్కొక్కటే ఇంట్లోంచి వెళ్ళిపోయాయి. తుమ్ము మాత్రం కాలు మీద కాలేసుకుని ఇంట్లోనే కూర్చుంది. చివరికి నిన్న సాయంత్రం నేరం లోబాను మీద పడింది. లోబాను మీద పడితే దాన్ని పట్టిన చేతి మీద పడ్డట్టే కదా.

పెళ్ళై వచ్చిన నాటి నుంచి మునీరాకు అత్తే తోడు. కూతురు కాపురానికి కావలి వెళ్ళిపోయింది. మొగుడు తెల్లవారకముందే డిపోకు పోతాడు. పగలంతా ఈ ఇంట్లో మాట్లాడటానికి, పోట్లాడటానికి, ఆకూ వక్కా పంచుకోవటానికి ఉన్నది రసూల్‌బీ ఒక్కటే. ఆమె ఈ నిందతో వెళ్ళిపోతే మళ్ళీ ఈ గడప తొక్కదు. అది మునీరాకు తెలుసు. కొడుక్కీ తెలుసు గానీ అతనికి ముక్కు మీద కోపం, ముక్కు నిండా తుమ్ములు.

“ఉండు, నేను లోపల్నుంచి నెడతాను,” అని మునీరా పెట్టె దాటుకుని గదిలోకి వెళ్ళింది.

వెళ్ళి వంగబోయి ఆగింది. ఇన్నాళ్ళూ ట్రంకుపెట్టె ఉన్నచోట, దాని వెనక గోడ నల్లగా ఉంది. లేతాకుపచ్చ డిస్టెంపరు మీద తట్టంతేసి మచ్చలు. దగ్గరికి పోతే తడిసిన గోనెసంచి వాసన. వేలితో రుద్దితే నల్లటి నూగు అంటుకుంది.

“ఏమయ్యా, ఒకసారి ఇట్ట రా.”

బర్కతుల్లా వచ్చాడు. చూశాడు. తేలిగ్గా తీసేశాడు.

“కొత్తింటికి చెమ్మ ఉండదా. ఆరతాదిలే.”

“ఆర్నెల్లకు గూడా ఆరలేదా?”

“మొన్నటి దాకా వానలు గదా.”

“వాన బయిట పడింది. గోడ లోపల నల్లబడింది. కిటికీ మూసినావు జూడు, సరిగ్గా ఆడే.”

“మునీరా, నా ఇంటికి వంక పెట్టబాక.”

గొంతు కొంచెం లేచింది. ఆ వెంటనే తుమ్ములు అందుకున్నాయి. ఒకటి, రెండు, ఆపైన లెక్కలేదు. గోడకు చెయ్యి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, వంగిపోయి తుమ్మాడు. చివరికి వసారాలోకి పరిగెత్తాడు. అక్కడ కాసేపటికి ఊపిరి కుదుటపడింది. మునీరా ఇదంతా చూస్తూనే ఉంది. రాత్రి వేసిన లోబాను వసారాలోనూ ఉంది, గదిలోనూ ఉంది. మరి ఈయన గదిలోనే ఎందుకు వంగిపోయాడు?

ఆ కిటికీ కథ అంత దూరపుదేం కాదు. ఈ ఇంటికీ పక్కింటికీ మధ్య పిల్లి దూరేంత సందు ఉంది. ఆ సందులోకి రెండిళ్ళకూ చెరొక కిటికీ ఎదురెదురుగా ఉండేది. పక్కింటి మాలకొండయ్య గొర్రెల బేరగాడు. ఊళ్ళ మీద తిరిగి మందలు కొంటాడు. అతనికి బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినపడితే చాలు, చెప్పులు విడిచేస్తాడు, లోపలికి పోయి గుక్కెడు నీళ్ళు తాగి కాసేపు కూర్చుని మరీ లేస్తాడు. అతను లేచేసరికి బస్సు పోతుంది, బేరం పోతుంది. జంట తుమ్మైతే శుభమే. కానీ బర్కతుల్లా తుమ్ములకు జంటలు, ఒంటివి అనే తేడా ఎక్కడిది?

“నేను కాలు బయిట పెట్టేటప్పుడే తుమ్మాల్నా అన్నా,” అని మాలకొండయ్య ఒకరోజు కిటికీలోంచే అడిగాడు. “నా ముక్కు నా ఇష్టం,” అన్నాడు బర్కతుల్లా. మాట మీద మాట పెరిగింది. ఆ సాయంత్రమే బర్కతుల్లా ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలు తెచ్చి కిటికీ మూసేశాడు. మాలకొండయ్య మాత్రం తక్కువ తిన్నాడా? తన కిటికీకి అడ్డంగా చెక్క పలక పెట్టి మేకులు కొట్టేశాడు. అప్పట్నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. తుమ్ములైతే ఎక్కువయ్యాయి.

“సరే,” అంది మునీరా నూగంటిన వేలు తుడుచుకుంటూ. “అత్త పోతానంటా ఉండాది. ఒంటరిగా పంపిస్తే ఊళ్ళో వాళ్ళు ఏమంటారు? నీకు రెండు దినాలు సెలవుండాది. ముగ్గురం పోయి దిగబెట్టొద్దాం.”

బర్కతుల్లాకు కాదనటానికి దారి దొరకలేదు. రసూల్‌బీకీ దొరకలేదు. కోడలు తన పక్షమో కొడుకు పక్షమో తేల్చుకోలేక ఆమె పెట్టె వైపు చూస్తూ ఊరుకుంది.

బయల్దేరేటప్పుడు మాలకొండయ్య కూడా తలపాగా చుట్టుకుని తన గడప దిగుతున్నాడు. ఇద్దరు మగవాళ్ళూ చెరో దిక్కు చూశారు. సరిగ్గా అప్పుడే బర్కతుల్లా ఇంటికి తాళం వేస్తూ తుమ్మాడు. ఒక్కటే తుమ్ము. మాలకొండయ్య దిగిన కాలు మళ్ళీ పైకి పెట్టి, చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళిపోయాడు. గుమ్మంలో అతని పెళ్ళాం ఆదిశేషమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

‘మేమంటే అంత కంపా ఈమెకు’ అనుకుంది మునీరా. మనసు చివుక్కుమంది.

*

బస్సు వింజమూరు దాటాక బర్కతుల్లా ఉండబట్టలేక, తోలేవాడికి గేరు మార్చటం రాదన్నాడు. కిటికీ పక్కన కూర్చున్నాడేమో, ఎర్రదుమ్ము లేచి వచ్చి అతని కనుబొమల మీద కూడా పేరుకుంది. తుమ్ము మాత్రం రాలేదు. మునీరా ఓరకంట చూస్తూ ఉంది.

ఉదయగిరిలో కొండ కిందే రసూల్‌బీ తమ్ముడు మదార్ సాహెబ్ ఇల్లు. రాతి గోడలు, నాటు పెంకులు. ఆయన పని కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కటం. వసారా అంతా కొయ్య పొట్టు. అక్కను, అల్లుణ్ణి, ట్రంకుపెట్టెనూ ఒకదాని వెనక ఒకటిగా చూసి ఆయనకు సంగతి అర్థమైపోయింది.

“ఏంది అల్లుడా, మా అక్కను వాపస్ ఇచ్చేస్తా ఉండావా?”

“నవ్వబాక మామా. నాకు ప్రాణం మీదికొచ్చింది.”

“కూర్చో, కూర్చో. ఆడ పొట్టు జరిపి కూర్చో.”

పొట్టు జరపటానికి చోటు ఉంటే కదా. బర్కతుల్లా పొట్టు మీదే కూర్చున్నాడు. మదార్ సాహెబ్ మాట్లాడుతూనే గరిటె చెక్కుతున్నాడు, పొట్టు ఎగిరి అల్లుడి టీలో పడుతోంది. బర్కతుల్లా దాన్ని వేలితో తీసి తాగేశాడు. జుమ్మా నమాజుకు వెళ్ళొచ్చాడు, కడుపు నిండా తిన్నాడు, నులకమంచం మీద వాలి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఆరు నెలల్లో మొగుడు అలా నిద్రపోవటం మునీరా చూడలేదు. ఛాతీ నెమ్మదిగా లేచి పడుతోంది, పిల్లికూతల్లేవు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రానికి రసూల్‌బీ లేచింది. పెట్టె తెరిచి లోబాను పొట్లం తీసింది.

“ఈ పొద్దు గురువారం కాదు గదక్కా,” అన్నాడు తమ్ముడు.

“నాకు ఈ పొద్దే గురువారం. తలుపులు మూయండి.”

నిప్పుల మీద లోబాను గుప్పెడు పడింది. ఎప్పుడూ చిటికెడే వేసే చెయ్యి ఆ రోజు గుప్పెడు వేసింది. పొగ లేచింది. రసూల్‌బీ మూలమూలకూ తిప్పలేదు. నేరుగా కొడుకు మంచం దగ్గరికి తెచ్చి, అతని ముక్కు కింద పట్టుకుని నిలబడింది.

“తుమ్ము,” అంది.

బర్కతుల్లా లేచి కూర్చున్నాడు. తుమ్ముదామనే చూశాడు, లేకపోతే తన మాట పోతుంది. పొగ అతని మొహం మీదుగా లేచి, దూలాలు చుట్టుకుని, పెంకుల సందుల్లోంచి తాపీగా బయటికి పోయింది. తలుపులు మూసి ఉన్నా ఆ ఇంటికి ఆకాశం కనపడే సందులు బోలెడు. అందరూ అతని ముక్కు వైపే చూస్తున్నారు. అది ఆరు నెలలుగా లేనంత బుద్ధిగా ఊరుకుంది.

“ఏదిరా నీ తుమ్ము?” రసూల్‌బీ పొగ ఇంకా దగ్గరికి జరిపింది. “మీ అమ్మ లోబాను పడదన్నావే. నా చెయ్యి పడదన్నావే. ఏదీ?”

బర్కతుల్లా తల దించుకున్నాడు. మదార్ సాహెబ్ ఉలి ఆగిపోయింది.

“తప్పైపోయిందమ్మా,” అన్నాడు చివరికి, చాలా చిన్నగా. “లోబాను కాదు.”

“మరేంది?”

“ఏమో. ఇది కొండ గాలి. ఈడ ఎవురికీ ఏం రాదు.”

“కొండ గాలీ కాదు, కోట గాలీ కాదు,” అంది మునీరా. ఇక ఆగదలుచుకోలేదు. “బస్సులో అంత దుమ్ము మింగినావు, తుమ్మలా. పొట్టులో పొర్లినావు, తుమ్మలా. ఇంత పొగ పట్టింది, తుమ్మలా. నీకు పడంది ఒకటే ఉండాది. అదేందో నీకూ తెలుసు.”

“నా ఇల్లు నాకు పడకపోవటమేందే?” బర్కతుల్లా గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. “స్లాబు పోసినాక డ్యూటీ దిగొచ్చి నేనే బిందెలతో నీళ్ళు మోసి తడిపినాను. పిచ్చికలు గూళ్ళు పెట్టి చెత్త రాలస్తాయని వెంటిలేటర్లు గూడా వొద్దని మేస్త్రీకి చెప్పినాను. చీమ దూరే సందు లేకుండా కట్టించినాను. ఈ కాలనీలో అట్టాంటి ఇల్లు ఇంకోటి లేదని అందరూ అన్నారు.”

“చీమకు లేదు సరే,” అన్నాడు మదార్ సాహెబ్ ఉలి మళ్ళీ అందుకుంటూ. “మనిషి ఊపిరికన్నా సందుండాల్నా వొద్దా? మా కొంప చూడు. తలుపు సరిగ్గా మూసుకోదు. వాన పడితే గిన్నెలన్నీ నేల మీదనే. ఇంత చెడిపోయిన ఇంట్లో తుమ్ముకు గూడా నిలవనీడ లేదల్లుడా.”

మునీరా నవ్వాపుకోలేకపోయింది. రసూల్‌బీ కూడా కొంగులో మొహం దాచుకుంది, అది నవ్వో ఏడుపో తెలియలేదు. బర్కతుల్లా ఒక్కడే నవ్వలేదు.

మర్నాడంతా అతను మామ ఇంటి పెంకుల సందులు చూస్తూ తిరిగాడు. ఆదివారం పొద్దున్నే బస్సుకు బయల్దేరుతుంటే మునీరా అత్త పక్కన కూర్చుంది.

“మాతో వచ్చెయ్యి అత్తా. తప్పు నీది కాదని నీ కొడుకే ఒప్పుకున్నాడు గదా.”

“నాది కాదని ఒప్పుకున్నాడు. ఎవురిదో ఒప్పుకోలా,” అంది రసూల్‌బీ. “నేనొచ్చినాక మళ్ళా తుమ్మినాడనుకో, ఇంకో వస్తువు మీద పడతాడు. ఈసారి నా పరుపో, నీ గాజులో. ఆ కిటికీ తెరవనీ. ఆ గదిలో నిలబడి నీ మొగుడు తుమ్మకుండా ఉన్నాడని నువ్వు కబురంపు. ఆ రోజే బస్సెక్కుతాను. పెట్టె సర్దే ఉంచతా.”

బస్టాండులో మునీరా ఆ మాట మొగుడికి చెప్పింది. అతను దూరంగా కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు.

“కిటికీ తీస్తే మాలకొండయ్య ముందర తల వొంచినట్టే,” అన్నాడు.

“మీ అమ్మ కోసరం గూడా వొంచలేవా?”

బస్సొచ్చింది. అతను ముందుగా ఎక్కేశాడు.

*

ఆత్మకూరులో దిగి కాలనీ వీధి మలుపు తిరిగేసరికి మాలకొండయ్య బర్కతుల్లా గేటు ముందే నిలబడి ఉన్నాడు. తలపాగా చుట్టి ఉంది, చేతిలో కర్ర ఉంది. ప్రయాణానికి సిద్ధమై ఆగిపోయిన వాలకం.

“బర్కతన్నా,” అన్నాడు.

నెల దాటి ఇదే మొదటి మాట. బర్కతుల్లా ఆగాడు.

“మీరు రెండు దినాల్నుంచి ఊళ్ళో లేరు గదా?”

“లేం.”

“మీ ఇంట్లో ఎవుర్నన్నా పెట్టి పోయినారా?”

“తాళమేసి పోయినాం. కనపడటంలా?”

మాలకొండయ్య గొంతు తగ్గించాడు. “నిన్న పొద్దున నేను చెప్పుల్లో కాలు పెట్టినాను. తుమ్ము వినపడింది. ఈ పొద్దున మళ్ళా. సందు వైపు నుంచే. మీ ఇంటికాడికొచ్చి తాళం ఊపి గూడా చూసినా. వేసిన తాళం వేసినట్టే ఉండాది. ఎవురు తుమ్మినారన్నా?”

బర్కతుల్లా మొహం పున్నమి చంద్రుడిలా వెలిగింది. నెల రోజుల నింద ఒక్క క్షణంలో దిగిపోయింది.

“నన్నా అడిగేది? నా ముక్కు నాతోనే వచ్చింది. ఉదయగిరిలో మా మామనడుగు. రెండు దినాలు ఒక్క తుమ్ము తుమ్మితే ఒట్టు.”

అని, తానన్న మాట తన చెవికే తగిలి, మునీరా వైపు చూశాడు. మునీరా అతన్ని చూడటం లేదు. ఆమె చూపు మాలకొండయ్య భుజం మీదుగా పక్కింటి గుమ్మానికి అతుక్కుపోయింది.

ఆదిశేషమ్మ అక్కడ నిలబడి ఉంది, అదే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. అవే ఎర్రటి కళ్ళు. మునీరా చూస్తోందని తెలియగానే వొద్దు వొద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆరు నెలలుగా అలాంటి కళ్ళే తన ఇంట్లో రోజూ చూస్తున్న మునీరాకు ఇంక ఎవరూ చెప్పనక్కర్లేదు.

కంపుకు కాదు ఆ కొంగు. వాళ్ళదీ కొత్త స్లాబే, వాళ్ళకూ ఆ ఒక్క కిటికీయే దిక్కు. దానికి పలక కొట్టినప్పట్నుంచి ఈమెకూ పట్టుకుంది. పెళ్ళాం తుమ్మే తన బేరాలు చెడగొడుతోందని తెలిస్తే మాలకొండయ్య ఏమంటాడో అని, పాపం, కొంగు నోట్లో కుక్కుకుని బతుకుతోంది. ఆపుకోలేక బయటపడ్డ ప్రతి తుమ్మునూ పక్కింటి సాయిబు ఖాతాలో వేసేసింది.

చెప్పేస్తే ఒక్క మాటతో మొగుడు గెలుస్తాడు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ కళ్ళు చూశాక మునీరాకు మనసొప్పలేదు.

“సందులోంచి వచ్చిందంటన్నావు గదన్నా,” అంది మాలకొండయ్యతో. “ఆ సందులో ఎవురుండారో ముందు చూడొద్దా? మనిషి పట్టే చోటు కాదు. చూడాలంటే కిటికీల్లోంచే చూడాల.”

“కిటికీలు మూసి ఉండాయి గదమ్మా.”

“మూసింది మీరిద్దరే గదా. తీస్తే సరి.”

మగవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ముందు ఆయన్ని తియ్యమను,” అన్నాడు బర్కతుల్లా.

“ముందు మూసింది ఆయన,” అన్నాడు మాలకొండయ్య.

“ఇద్దరూ ఒకేసారి తియ్యండి,” అంది మునీరా. “ఎవురి పరువూ ఎవురికీ బాకీ ఉండదు.”

ఎవరింట్లోకి వాళ్ళు దూరారు. సందుకు ఇటు ఇటుకల మీద సుత్తి దెబ్బలు, అటు మేకులు కిర్రుమంటూ ఊడటం. బర్కతుల్లా ముక్కుకు తువ్వాలు చుట్టుకుని కొట్టాడు. ఇల్లు కట్టినప్పుడు ఎంత కసిగా నీళ్ళు మోశాడో, అంత కసిగా కొట్టాడు. మొదటి ఇటుక కదిలి సందులో పడింది. వెలుతురు గదిలోకి పొడుగ్గా వచ్చి నల్లమచ్చల మీద పడింది. చివరి ఇటుక తీసేసరికి సందులో ఎన్నాళ్ళనుంచో కాచుకున్న గాలి ఒక్కసారిగా లోపలికొచ్చి, గదంతా తిరిగి, వెనక తలుపులోంచి బయటికి పోయింది. మునీరా జుట్టు చెదిరింది. బర్కతుల్లా తువ్వాలు కిందికి లాగేసి గుండెల నిండా పీల్చుకున్నాడు.

ఎదురుగా పలక ఊడింది. చేతికందే దూరంలో మాలకొండయ్య మొహం. ఇద్దరూ వంగి సందులోకి చూశారు. ఒక పాత చీపురు, పగిలిన ఇటుకలు, నాలుగు ఎండుటాకులు.

“ఎవురూ లేరే,” అన్నాడు మాలకొండయ్య తలెత్తి బర్కతుల్లాను చూస్తూ.

అప్పుడే తుమ్ము వినపడింది. ఒక్కటే.

మాలకొండయ్య చూస్తున్నది బర్కతుల్లా మొహంలోకే. బర్కతుల్లా నోరు మూసుకుని ఉంది. తుమ్ము మాలకొండయ్య వీపు వెనకనుంచి, వాళ్ళ గదిలోంచి వచ్చింది. అతని భుజం మీదుగా బర్కతుల్లాకు ఆదిశేషమ్మ కనపడింది. రెండు చేతులతో కొంగు మూతికి అదుముకుని, భయంతో గోడకు అంటుకుపోయి ఉంది.

మునీరా మొగుడి వైపు చూసింది. ఇన్నాళ్ళూ పడ్డ మాటలన్నీ తిరిగి అనేందుకు మొగుడికి ఇంతకంటే మంచి అదను రాదు.

“నేనే,” అన్నాడు బర్కతుల్లా.

మాలకొండయ్య రెప్ప వేయలేదు.

“నేనే తుమ్మినాను మాలకొండా. ఇటుక దుమ్ము.”

పంటి మీద వేలు పెట్టి గొర్రె వయసు చెప్పగల మనిషి మాలకొండయ్య. ఎదురుగా ఉన్న నోరు కదిలిందో లేదో తెలియకుండా ఉంటుందా? అతను చాలాసేపు చూశాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని మునీరా భయపడింది. అతని మెడ కొంచెం కదిలింది. అక్కడే ఆగింది.

“నువ్వేనా?”

“నేనే.”

“ఒంటి తుమ్మన్నా,” అన్నాడు మాలకొండయ్య నెమ్మదిగా. “దుత్తలూర్లో మందను నిలబెట్టి ఉండారు. ఒంటి తుమ్ముతో నేను పోలేను. ఇంకోటి తుమ్ము, బయల్దేరతాను.”

బర్కతుల్లా సరేనన్నాడు. మాట ఇచ్చేశాడు కదా. మొహం పైకెత్తి కిటికీలోంచి వచ్చే ఎండలోకి చూశాడు. ముక్కు నలిపాడు. ఇటుకపొడి అంటిన వేళ్ళు దగ్గర పెట్టుకుని పీల్చాడు. నల్లమచ్చల గోడ దగ్గరికి కూడా వెళ్ళొచ్చాడు. గాలి ఆ కిటికీలోంచి ఈ కిటికీలోకి తెరిపి లేకుండా వస్తూనే ఉంది. సందుకు అవతల మాలకొండయ్య కర్ర పట్టుకుని, వీపు పెళ్ళాం వైపే ఉంచి, మర్యాదగా ఎదురుచూస్తున్నాడు. అతని వెనక ఆదిశేషమ్మ కళ్ళు మళ్ళీ సగం మూతపడుతున్నాయి, ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఇంకొక్క క్షణం ఆపుకోగలదో లేదో ఆమెకే తెలియదు.

“ఏమన్నా, వస్తా ఉండాదా?” అని అడిగాడు మాలకొండయ్య.

బర్కతుల్లా గది మధ్యలో నిలబడి, ఆరు నెలలుగా తనను తిన్న ఆ గదినంతా ఒకసారి కలయజూశాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి గానీ అవి ఎలర్జీవి కావు.

“రావడంలా,” అన్నాడు. “మునీరా, ఎంత పీల్చినా రావడంలా. అమ్మకు కబురంపు.”